గిన్నెలో మిగిలిన గుక్క

"అలాగే చెల్లీ. తప్పకుండా ప్రార్థన చేస్తాను" అని లూసీ ఫోను పెట్టేసింది.

పెట్టేసి, ఫోనున్న గోడవంకే చూసింది. మళ్లీ ఫోను తీసి ఇంకో నంబరు తిప్పింది.

"అక్కా, నేను లూసీని. ప్రేయర్ చెయిన్ అక్కా. మన సంఘంలో ఒక సిస్టర్‌కి ఎయిడ్స్ అంట. ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తంతో వచ్చిందంట. పేరు చెప్పకూడదన్నారు. ఒక కూతురుందంట... అవునక్కా, పాపం. మీ తర్వాతవాళ్లకి చెప్పేయండి."

నేను పొయ్యి దగ్గర చేపల పులుసులో గరిట పెట్టి అలాగే నిలబడిపోయాను. నా కూతురు తన జబ్బు కబురు తనే విని, తన కోసం తనే ప్రార్థన చేస్తానని ఒప్పుకుని, వంతు ప్రకారం తనే పక్కవాళ్లకి అందించింది. గొంతు వణకలేదు. పాపం అన్నచోట కూడా వణకలేదు.

మా సంఘంలో ఈ ఫోను గొలుసు పెట్టి చాలా ఏళ్లయింది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి వీసా ఆగినా, ఒకరు ఇంకొకరికి ఫోను చేస్తారు, వాళ్లు మరొకరికి. సాయంత్రమయ్యేసరికి పిస్కాటవే నుంచి ఎడిసన్ దాకా అందరి మోకాళ్లూ నేల మీద ఉంటాయి. ఈ అమెరికాలో మాకు ఊరంటే ఆ గొలుసే.

లూసీ ముందు గదిలోకి వెళ్లింది. అల్లుడు దేవకుమార్ సోఫాలో పేపరు చూస్తున్నాడు.

"ఎవరికి చెప్పేరు?"

"దేని గురించి?" పేపరు దిగలేదు.

"నా గురించి నాకే ఫోన్ వచ్చిందండీ. ఎడిసన్‌లో కొత్తగా దిగిన ఆ పిల్ల చేసింది. దానికి నా మొహం కూడా సరిగ్గా తెలీదు. ఎవరో పాపం అక్కా అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనే దాన్ని ఊరుకోబెట్టాను."

పేపరు దిగింది.

"నేను పేరు చెప్పొద్దన్నాను లూసీ. దైవాశీర్వాదం అన్నకి ఒక్కడికే చెప్పాను. ప్రార్థనలో పెట్టమన్నాను, అంతే."

"అన్న ఎవరికి చెప్పేడు?"

"ఎస్తేరు అక్కతో అని ఉంటాడు."

"అక్క?"

 ఆ జవాబు ఆయన చెప్పక్కర్లేదు. దైవాశీర్వాదం మా సంఘపెద్ద. ఆయన భార్య ఎస్తేరు. ఆ ఫోను గొలుసులో మొదటి కొక్కెం ఆవిడ చేతిలోనే ఉంటుంది.

"ప్రార్థన చేయమనడం కూడా నేరమేనా? నేనెవరితో చెప్పుకోను? నేను పనిచేసే ల్యాబ్‌లో చెప్పుకోనా? పక్కింటి తెల్లాయనతో చెప్పుకోనా?"

"నాతో చెప్పుకోవచ్చు కదా."

"నీతోనా? నీ ముందు ఏడవకూడదని డాక్టరు గదిలోనే ఒట్టు పెట్టుకున్నాను. ఎక్కడో ఒకచోట ఏడవాలి కదా లూసీ నేనూ."

లూసీ ఆయన్నే చూసింది. "నువ్వు ఏడవడానికి నన్ను ఊరంతా పంచేవు" అంది.

పెళ్లయిన నాటి నుంచీ ఏమండీ అనీ, మీరు అనీ తప్ప పిలిచి ఎరగని మొగుణ్ణి నువ్వు అంది. ఆయనకి ఏది ఎక్కువ తగిలిందో నాకు తెలియదు.

మెట్ల మీద నుంచి దెబోరా దిగి వచ్చింది. నా మనవరాలు, పద్నాలుగేళ్లది. దాని తెలుగులో సగం ఇంగ్లీషే. "డాడీ, నా స్కూల్‌కి కూడా తెలుస్తుందా? తెలిస్తే నన్ను ఔట్ చేస్తారు. టీవీలో చూపించారు, ఎయిడ్స్ ఉన్న ఒక బాయ్‌ని చేశారు."

 ఇంటి అడుగున ఫర్నేసు ఒక్కసారి గుప్పుమని లేచింది. నేలలోని జాలీల్లోంచి వేడిగాలి వచ్చింది. అయిదేళ్లుగా వింటున్న చప్పుడే. ఈమధ్య అది వింటుంటే, ఇంట్లో మాకు తెలియకుండా ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నారేమో అనిపిస్తోంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చూశాను. లూసీ తన స్టీలు గ్లాసు అడుగున గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టుకుంది. తన కంచం కూడా వేరే అరలో బోర్లించుకుంది.

నా చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజానెక్కించుకుని పాలకొల్లు సంతకి తీసుకెళ్లేవాడు. కాఫీ హోటలు చూరుకి ఒక కొబ్బరిచిప్ప వేలాడుతుండేది. అది మా కోసం. మేమే తీసుకోవాలి, మేమే కడిగి మళ్లీ చూరుకి తగిలించాలి. పైనుంచి పోసేవాడు హోటలాయన, చెయ్యి తగలకుండా. ఆ చిప్ప తప్పించుకోవడానికే మా నాన్న నన్ను మిషను బడికి పంపాడు, నేను నాలుగు తరగతులైనా చదివాను, నా కూతురు విశాఖపట్నంలో పెద్ద చదువు చదివి ఇక్కడి యూనివర్సిటీలో రక్తాలు పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. సముద్రాలన్నీ దాటి వచ్చాక ఆ చిప్ప మళ్లీ మా ఇంటి చూరుకి వేలాడింది. ఈసారి తగిలించుకున్నది నా కూతురే.

 గ్లాసులు కడిగేటప్పుడు ఆ ఎర్రచుక్క గోటితో గీకేశాను.

శనివారం పొద్దున పిండి కలిపాను. నెలలో మొదటి ఆదివారం మాకు బల్ల, అంటే ప్రభువుని తలుచుకుంటూ ఒకే రొట్టె విరుచుకుని, ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగే రోజు. ఆ రొట్టె చేసేది నేనే. ఈ దేశం వచ్చిన కొత్తలో పెద్దలు అడిగారు, అప్పట్నుంచి ఒక్క నెల తప్పలేదు. బల్ల మీద పరిచే లేసు గుడ్డ కూడా నేను అల్లిందే. నరసాపురం దొరసానుల దగ్గర నేర్చుకున్న పని అది, నా పెళ్లికి ముందు.

పిండి పొంగేదాకా కూర్చుని లేసు అల్లుతున్నాను. లూసీ టీ కప్పుతో వచ్చి నా ఎదురుగా కూచుంది. ఒక్క వేసవిలో మెడ పక్కన బిళ్లలు కట్టి, చెంపలు లోపలికి పోయాయి. నా కూతురి మొహంలోంచి మా అమ్మ మొహం తొంగిచూస్తోంది, పోయేముందరి మొహం.

"లూసీ, ఒక మాట అడుగుతాను. అసలది లోపలికి ఎలా వస్తుందే? ఒంట్లో కావలివాళ్లుంటారని అంటావు కదా. వాళ్లేం చేస్తున్నట్టు?"

"కావలివాళ్లలోకే వచ్చిందమ్మా."

నా చేతిలో సూది ఆగింది.

"రక్తంలో తెల్లకణాలుంటాయి. వాటిలో ఒక రకం మేస్త్రీ లాంటిది. తను పెద్దగా కొట్లాడదు. ఎవరు చొరబడ్డారో చూసి మిగతావాళ్లని కేకేసి పనిలో పెడుతుంది. దాని ఒంటి మీద ఒక రకం గుబ్బలుంటాయి. ఈ వైరస్ పైనున్న ముళ్లు సరిగ్గా ఆ గుబ్బకే పట్టుకుంటాయి."

"పట్టుకుని పొడుస్తుందా?"

"పొడవదు. దాని పైపొర, కణం పైపొర ఒకటైపోతాయి. నీ పులుసు మీద రెండు నూనె బొట్లు కలిసిపోవా? అలాగ. కలవగానే దాని లోపలున్నది దీని లోపలికి జారిపోతుంది."

తలుపు విరగదు. కుక్క మొరగదు. నేను అదే ఆలోచిస్తున్నాను.

లూసీ నా ఒళ్లోంచి లేసు తీసుకుంది. "ఇదిగో, ఇలా చూడు. ప్రతి కణం నడుమ ఇలాంటి పెద్ద నమూనా ఒకటి ఉంటుంది. ఒంటికి ఏం కావాలన్నా ఆ నమూనాలో కావలసిన పువ్వు చూసి, చిన్న ముక్క ఒకటి అల్లి పనికి పంపుతారు. పెద్దది చూసి చిన్నది. ఎప్పుడూ అదే వరస. ఇది మాత్రం చిన్న ముక్కతో వస్తుంది. అల్లే పనిమనిషిని, తన అల్లికదాన్ని, కూడా వెంట తెచ్చుకుంటుంది. ఆ అల్లికది తిరగేసి అల్లుతుంది. చిన్న ముక్క చూసి, పెద్ద నమూనాలో ఇమిడే ముక్క తయారుచేస్తుంది."

"ఆ తర్వాత?"

"పెద్ద నమూనా ఒకచోట కత్తిరించి, ఆ ముక్క అందులో కలిపి కుట్టేస్తుంది."

"అతుకు కనపడదూ?"

"కనపడదు. ఇంక ఆపైన అది వేరే ఏదో కాదమ్మా. నేనే. నా నమూనాలో ఒక పువ్వు."

నేను లేసు లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. "విప్పే దారి లేదా? నేనైతే ఎంత పాత లేసులోనైనా పాడైన పువ్వు విప్పి మళ్లీ అల్లుతాను."

"ఆ పువ్వు విప్పే సూది ఇంకా ఎవరికీ దొరకలేదు."

 బయట ఎండుటాకులు ఊడ్చే చప్పుడు. ఆ తర్వాత లూసీయే చెప్పుకుపోయింది, నాకు చెప్తున్నట్టు లేదు, పాఠం ఒప్పజెప్తున్నట్టుంది. కొన్ని కణాల్లో ఆ పువ్వు ఏళ్లకేళ్లు కదలకుండా ఉంటుందట. ఎప్పుడో ఒక జలుబో జ్వరమో వస్తుంది. మేస్త్రీ లేచి పని మొదలుపెడుతుంది. లేచిందా, తన పనితోపాటు దాని ముక్కలు కూడా అల్లడం మొదలవుతుంది. బతకడానికి లేవడమే దానికి సాయమట.

"పుట్టినవి బయటికొచ్చేటప్పుడు, కణం పైపొరలోంచే ఒక ముక్క చుట్టుకుని పోతాయి. నా కోకే కట్టుకుని నా మీదికే..." సగంలో ఆపి నవ్వబోయింది. "పైగా దాని అల్లికది తొందరమనిషి. తప్పులు కుడుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక కుదరదు. కావలివాళ్లు ఒకదాన్ని గుర్తుపట్టేలోగా మొహం మారిపోతుంది."

"మా నరసాపురంలో అయితే అలాంటి పనిదాన్ని దొరసాని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు" అన్నాను.

లూసీ నిజంగానే నవ్వింది. వేసవి తర్వాత అదే మొదలు.

"మరి ఈ ఏడు మందొచ్చిందన్నారే?"

"వచ్చింది. అది దారం లాగే ఉంటుందమ్మా. అల్లికది మోసపోయి తీసుకుంటుంది. కానీ ఆ దారానికి ఉచ్చు ఉండదు. తర్వాతి కుట్టు పట్టుకోడానికి ఏమీ ఉండదు. అల్లిక అక్కడితో ఆగిపోతుంది."

"ఇంకనేం, నయమవుతుంది కదే!"

"కొత్త అల్లిక ఆగుతుంది. ముందే కలిపి కుట్టేసిన పువ్వుని ఏమీ చేయలేదు." టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "ఎప్పుడొచ్చిందో అడగవేం?"

అడగనక్కర్లేదు. ఎనభై రెండులో దాని రెండో కాన్పు. ఆ కాన్పు కోసమే నేను ఈ దేశం వచ్చాను. బిడ్డ ఏడవలేదు. పేరు మాత్రం ముందే అనుకున్నాం, సమూయేలు అని. లూసీకి నెత్తురు ఆగకపోతే రక్తం ఎక్కించారు. సంచీలోంచి ఎర్రగా దిగుతుంటే నేను మంచం పక్కన కూర్చుని, ఒక్కో బొట్టుకీ దేవుడికి స్తోత్రం చెప్పాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నా బిడ్డని బతికించాడని ఆ మనిషిని కూడా దీవించాను. అప్పటికి రక్తాన్ని పరీక్షించే దారి ఎవరికీ తెలియదు.

"ఆ రోజు ఈ ఇంటికి ఒకడు రావలసింది" అంది లూసీ. "వాడు రాలేదు. వాడి బదులు ఇది నాతో ఇంటికొచ్చింది. వాడి వయసే దీనికీ."

నేను లేచి పిండి మీద తడిగుడ్డ సవరించాను. అక్కర్లేకపోయినా సవరించాను.

మధ్యాహ్నం దైవాశీర్వాదం, ఎస్తేరు వచ్చారు. వస్తారని ఎవరూ చెప్పలేదు, వస్తారని అందరికీ తెలుసు.

ఆయన ఇంజినీరు, మెత్తని మనిషి. కోటు విప్పకుండానే కూర్చున్నాడు. ఎస్తేరు సోఫా అంచున కూర్చుంది. నేను టీ తెస్తే, "వద్దండి పిన్నిగారూ, ఉపవాసంలో ఉన్నాను" అంది.

శనివారం ఉపవాసం ఎప్పట్నుంచమ్మా అని నోటిదాకా వచ్చింది. ఈ ఎస్తేరుకే సమూయేలు పోయిన ఏడే, అదే ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. లేవలేని మనిషికి నెలరోజులు నేను మిరియాల చారూ మెత్తని అన్నమూ క్యారేజీలో పట్టుకెళ్లాను. అప్పుడు నా చేతి తిండికి ఉపవాసం అడ్డు రాలేదు. మింగేసి ఊరుకున్నాను.

"చెల్లెమ్మా" అన్నాడు దైవాశీర్వాదం, నేల చూస్తూ. "తప్పు మాదే. పేరు బయటికొచ్చేసింది. నిన్నంతా ఫోన్లే. చిన్నపిల్లల తల్లులు భయపడుతున్నారు. మనది ఒకటే గిన్నె కదా, చేతులు మారేది. ఈ ఒక్క నెల నువ్వు బల్లకి రాకుండా ఉంటే, ఈలోగా నేను అందరితో కూర్చుని..."

"గిన్నెతో రాదన్నా" అంది లూసీ.

"నాకు తెలుసమ్మా. నేను చదివాను."

"మరి తెలిసీ అడుగుతున్నారా?"

"తెలియనివాళ్ల కోసం అడుగుతున్నాను."

దెబోరా మెట్ల మీద నుంచి అందుకుంది. "అంకుల్, తెలియకపోతే వాళ్లకి చెప్పాలి కదా. మా హెల్త్ క్లాస్‌లో సిక్స్త్ గ్రేడ్ పిల్లలకి కూడా తెలుసు."

"డెబీ, గదిలోకి వెళ్లు" అన్నాడు దేవకుమార్. వెళ్లలేదు అది.

ఎస్తేరు గొంతు సవరించుకుంది. "పిన్నిగారూ, రొట్టె కూడా... ఈసారికి కొట్లో కొనేద్దామని. మీకు శ్రమ ఎందుకని."

వంటింట్లోంచి కాలుతున్న రొట్టె వాసన ఇల్లంతా నిండి ఉంది అప్పటికి. ఆ వాసనలోనే కూర్చుని ఆ మాట అంది.

"శ్రమేముందమ్మా. చేసిన చేతులేగా" అన్నాను. 

దేవకుమార్ లేచి నిలబడ్డాడు. "సరే అన్నా. మేం రాంలెండి."

"నేను వస్తాను" అంది లూసీ.

"లూసీ..."

"అన్నా, నాకు ఇది వచ్చి అయిదేళ్లయింది. తెలిసింది ఈ వేసవిలో. ఈ అయిదేళ్లూ ప్రతి నెలా మీ అందరితో ఆ గిన్నె తాగాను. మీకేమైనా అయిందా? రేపు ఏం మారుతుంది? మీకు తెలిసింది, అంతేగా మారింది."

దైవాశీర్వాదం తల ఎత్తలేదు. ఎస్తేరు మాత్రం ఎత్తింది.

"అయిదేళ్లా?" అంది. "అయిదేళ్లు ఒంట్లో ఉంటే ఏమీ తెలీదా? నొప్పీ, జ్వరం, ఏదీ?"

"ఏదీ తెలీదక్కా. మామూలుగానే ఉంటారు. వంట చేసుకుంటారు, పాటలు పాడుకుంటారు."

"ఎంతమందికి ఎక్కించి ఉంటారు అలాంటి రక్తం?"

"ఎవరికి తెలుసక్కా? సంచీ మీద రాసి ఉండదుగా."

చూడు, ఇంకా కూపీ లాగుతోంది, రేపు ఫోనులో చెప్పడానికి కొత్త సంగతి కావాలి కాబోలు అనుకున్నాను. ఆవిడ ఒళ్లోని చేతిసంచీ కొక్కెం తీస్తోంది, వేస్తోంది. టక్కు, టక్కు. మరి ఏమీ అడగలేదు. వెళ్లేటప్పుడు ప్రార్థన చేద్దామా అని దైవాశీర్వాదం అంటే ఎవరూ కాదనలేదు. ఆయన ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆ చప్పుడు ఆగలేదు.

వాళ్లు వెళ్లాక దెబోరా ఆ రొట్టె కోసి జాం రాసుకుని తింది. "చర్చ్ బ్రెడ్ ఇంత గుడ్‌గా ఉంటుందా అమ్మమ్మా? అక్కడ అంత చిన్న పీస్ ఇస్తారు" అంది. నేను నవ్వాను. 

ఆదివారం మధ్యాహ్నం అమెరికావాళ్ల ఆరాధన అయ్యాక, వాళ్ల గుడి కింద హాలు మాకిస్తారు. మడత కుర్చీలు వేసుకుంటాం. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మేం లోపలికి అడుగుపెట్టేసరికి పాట సన్నబడింది. ఆపలేదెవరూ, గొంతులు తగ్గాయి అంతే.

నేను ఆడవాళ్ల వైపు చివరి వరసలో గోడ పక్క కుర్చీలో కూర్చోబోయాను. లూసీ నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కడ నేను కూర్చుంటాను. నువ్వు నాకు ముందు కూర్చో."

"నీ తర్వాత నేను తాగుతానే. నన్ను చూసైనా..."

"వద్దమ్మా. నా తర్వాత ఎవరూ తాగనక్కర్లేదు. ఎవర్నీ భయపెట్టడానికి రాలేదు నేను. బల్లకి వచ్చాను."

చెంగు తలమీదకి లాక్కుని గోడపక్కన కూర్చుంది. అన్ని వరసలకీ, అన్ని చేతులకీ చివర.

కొట్లో కొన్న రొట్టె వచ్చింది. మెత్తగా, దూదిలా, ఏ రుచీ లేకుండా ఉంది. నేను అల్లిన గుడ్డే బల్ల మీద ఉంది, దాన్ని మార్చడం ఎవరికీ తోచినట్టు లేదు. తర్వాత గిన్నె బయల్దేరింది. మగవాళ్ల వరసలు తిరిగి మా వైపు వచ్చింది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, ఒక ముసుగు కిందినుంచి ఇంకో ముసుగు కిందికి. నా దగ్గరికి వచ్చింది. తాగి నా కూతురికిచ్చాను.

హాల్లో ఎవరూ వెనక్కి తిరగలేదు. అందరి వీపులూ చూస్తున్నాయి.

లూసీ తాగింది. ఒక్క గుక్క. అడుగున ఇంకా కొంచెం ఉండిపోయింది. అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. దానికీ అప్పుడే గుర్తుకొచ్చిందనుకుంటాను, గిన్నెలోకి చూసి దాని మొహం పాలిపోయింది.

మా సంఘంలో ఒక వాడుక ఉంది. గిన్నెలో మిగిలింది పారబోయకూడదు. దాచకూడదు. బల్ల దగ్గరున్న పెద్ద దాన్ని ఖాళీ చేయాలి.

లూసీ మళ్లీ గిన్నె ఎత్తబోయింది, తనే తాగేద్దామని. ఈలోగా గిన్నె అందుకోవడానికి దైవాశీర్వాదం ఎదుట నిలబడ్డాడు. అలవాటు మీద వచ్చేసినట్టున్నాడు. చేతులు చాపాడు. లూసీ ఇచ్చేసింది.

ఆయన గిన్నె పట్టుకుని బల్ల దగ్గరికి నడిచాడు. అటు తిరిగి నిలబడ్డాడు. గిన్నె ఛాతీ దాకా లేచి ఆగింది. నిన్న మా ఇంట్లో తెలుసు, చదివాను అన్న మనిషి. తెలిసింది చేతిదాకా రావడానికి ఎంతసేపు పడుతుందో నేను ఆ రోజు చూశాను. ఎక్కడో ఒక చంటిది ఏడ్చింది. మగవాళ్ల వైపు దేవకుమార్ లేచి నిలబడ్డాడు. అడుగు మాత్రం వేయలేకపోయాడు. లూసీ కళ్లు మూసుకుంది.

అప్పుడు ఆడవాళ్ల మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది.

ఎస్తేరు లేచింది. మా దగ్గర ఆడవాళ్లు బల్ల దగ్గరికి వెళ్లరు. వెళ్లింది. మొగుడి చేతుల్లోంచి గిన్నె తీసుకుంది. ముసుగు జారిపోతున్నా సర్దుకోలేదు. తల వెనక్కి వంచి, ఆఖరి బొట్టు దాకా తాగింది. తాగి, గిన్నె బోర్లించి లేసు గుడ్డ మీద పెట్టింది.

ఎవరో బిగ్గరగా ఏడ్చారు. ఆ ఏడుపు అందుకుని ఇంకొకరు. ఎడిసన్ నుంచి వచ్చిన ఆ కొత్తపిల్ల వచ్చి లూసీ మెడ వాటేసుకుంది. "అక్కా, మీరని తెలీదక్కా, మీకే ఫోన్ చేశానక్కా" అని ఒకటే ఏడుపు. లూసీ మళ్లీ దాన్ని ఊరుకోబెడుతోంది. దేవకుమార్ ఆడవాళ్ల వైపుకి వచ్చేసి, అందరి ముందూ, మొదటిసారి, పెళ్లాం పక్కన కూలబడి ఏడ్చాడు.

నేను ఎస్తేరుని మనసులో ఎన్ని మాటలన్నానో అన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ, కోట్లు తగిలించే గదిలోకి వెళ్లాను. ఆవిడ అక్కడే ఉంది. కోట్ల మధ్యలో, గోడకి ఆనుకుని.

"అమ్మా ఎస్తేరూ, నువ్వు చేసింది నేను చచ్చేదాకా..."

నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"పిన్నిగారూ. ఆ టెస్ట్ ఎక్కడ చేస్తారు?"

"ఏ టెస్టు?"

"లూసీకి చేసింది. ఎక్కడ చేస్తారు? ఆయనకి తెలియకుండా చేయించుకోవచ్చా?" గొంతు పీలగా ఉంది. "నాకూ ఎక్కించారు పిన్నిగారూ. మీరు చారు తెచ్చేవారు, గుర్తుందా? మూడు సంచులు ఎక్కించారు. అదే ఆసుపత్రి. అదే ఏడు."

హాల్లో పాట మొదలైంది. అందరి గొంతులూ ఒక్కసారి లేచాయి. ఆవిడ నా చెయ్యి వదిలింది. కొంగుతో మొహం తుడుచుకుంది. మామూలు ఎస్తేరులా నడుచుకుంటూ వెళ్లి పాటలో కలిసింది.

కారులో ఇంటికి వస్తున్నాం. దేవకుమార్ ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో లూసీ చెయ్యి పట్టుకున్నాడు. దెబోరా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. లూసీ మెడ తిప్పి నావంక చూసింది. ఆ కళ్లు! సమూయేలు కడుపులో ఉన్నప్పుడు అలా ఉండేవి.

"అమ్మా, చూశావా? ఎస్తేరు అక్క నా తర్వాత తాగింది."

"చూశానే."

"అందరి కంటే ఎక్కువ భయపడింది ఆవిడే కదా. నిన్న మన ఇంట్లో టీ కూడా ముట్టలేదు. రాత్రికి రాత్రి అంత ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చిందంటావు?"

నేను చేతి మీదకి చీర చెంగు లాక్కున్నాను. మణికట్టు మీద ఆవిడ వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"చెప్పమ్మా" అంది నా కూతురు, నవ్వుతూ. "నీకు తెలుసు కదా ఆవిడ సంగతి."